తనిఖీ అయినది

కత్తెర సారు జీపు దిగగానే బైండరు జిగురు చేతులు తుడుచుకుని లేచాడు. లేచాడన్నమాటే గానీ నడుం వంగే ఉంది.

ఊళ్లో ఏ పుస్తకం బతకాలో, ఏది బూడిద కావాలో తేల్చే అధికారి కత్తెర సారు. చదివి కాదు, అట్ట చూసి తేలుస్తాడు. చదివితే బుర్ర పాడవుతుందని ఆయన భయం. ఉంటే కదా పాడవడానికి.

"మీ అక్క పుస్తకం ఒక్క కాపీ మిగిలిందట. ఎక్కడ దాచావోయ్?"

"నాకెందుకు సార్ ఆ తలనొప్పి. మీరే కదా అన్నీ తగలబెట్టించారు."

బైండరు అక్క బడిలో చరిత్ర చెప్పేది. నోరు విప్పే హక్కు మనిషికి ఎలా వచ్చిందో పుస్తకం రాసింది. రాజుగారి ముఖం మీదే తప్పు చెప్పినవాళ్లు, అనుమతి అడగకుండా పత్రిక అచ్చేసినవాళ్లు, వాళ్లను శిక్షించేది లేదని మొండికేసిన న్యాయమూర్తులు, అందరూ అందులో ఉన్నారు. ఆ పుస్తకానికే ఆమెను జైల్లో పెట్టారు. నిరుడు అక్కడే పోయింది. అచ్చయిన ఐదొందల కాపీల్లో దొరికినవన్నీ బడి మైదానంలో కాల్చారు.

నలుగురు కానిస్టేబుళ్లు షాపును తలకిందులు చేశారు. జిగురు డబ్బాలు బోర్లించారు. అట్టల కట్టలు విప్పారు. పరుపు కోశారు. బైండరు వద్దనలేదు సరికదా, వాళ్లు అటకెక్కుతుంటే నిచ్చెన పట్టుకున్నాడు.

మేనకోడలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. తల్లి పోయాక ఆమెకు మిగిలింది ఈ మేనమామ ఒక్కడే.

ఏమీ దొరకలేదు. కత్తెర సారు బల్లవైపు తిరిగాడు.

"నా సెట్టు అయిందా?"

"సిద్ధం సార్."

అధినేత ప్రసంగాలు, పన్నెండు సంపుటాలు. ప్రతి అధికారి ఇంట్లోనూ ఉండాలని ఉత్తర్వు. మామూలు అట్టలు తన హోదాకు చాలవని కత్తెర సారు ఎర్రతోలు బైండింగ్ చేయించుకున్నాడు, ఊరికే.

తన పుస్తకాలైనా రూలు రూలే. ఒక్కొక్కటే తెరిచి, మొదటి పేజీ మీద 'తనిఖీ అయినది' ముద్ర తనే కొట్టాడు.

"ఇదేంటి, కొంచెం లావుగా ఉంది?"

"ఆ ఏడాది అధినేతగారు ఎక్కువ మాట్లాడారు సార్."

"అవునవును. బ్రహ్మాండంగా మాట్లాడారు" అన్నాడు కత్తెర సారు, విన్నవాడిలా. "సాయంత్రానికి ఇంట్లో సర్దిపెట్టు."

జీపు వెళ్లిపోయింది. మేనకోడలు లోపలికి వచ్చింది.

"అమ్మను చంపినవాడి పుస్తకాలకు బంగారు అక్షరాలా మావయ్యా?"

"మెల్లగా అమ్మా."

"అమ్మ పుస్తకం ఒక్కటి దాచలేకపోయావు. వీటికి మాత్రం నెల్లాళ్లు కూర్చుని కుట్లు వేశావు. నువ్వు ఉప్పూ కారం తినే మనిషివేనా?"

బైండరు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు. నోట్లో నాలుక లేనివాడని ఊరంతా అనేది నిజమే. పుస్తకాలను గుడ్డలో చుట్టి, తోపుడు బండి మీద పేర్చుకుని తనే తోసుకెళ్లాడు. ఎదురుషాపు టైలరు బండి దాటేదాకా ఆగి, థూ అని ఉమ్మేశాడు.

కత్తెర సారు హాల్లో అద్దాల బీరువా. బైండరు పన్నెండూ వరసగా పేర్చాడు. కత్తెర సారు నాలుగడుగులు వెనక్కి వేసి చూసి మురిసిపోయాడు.

"అప్పుడప్పుడు తిరగేస్తారా సార్?" అడిగాడు బైండరు.

"తిరగేస్తే తోలు నలుగుతుంది. తాళం వేసి పెడతా. దుమ్ము కూడా నేనే దులుపుతా, ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వను." తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఆ కాపీ మాత్రం వదలను. రేపట్నుంచి ఇల్లిల్లూ గాలిస్తా."

"గాలించండి సార్. మీ కళ్లు కప్పడం ఎవరి తరం."

ఇంటికొచ్చేసరికి మేనకోడలు బట్టలు సర్దుకుంటోంది. ఈ చూరు కింద ఇక ఉండనంది. బైండరు తలుపు దగ్గరగా వేసి, వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆయన ఇల్లొక్కటి తప్ప ఊరంతా వెతుకుతారమ్మా," అన్నాడు చెవిలో, "ఆ లావు సంపుటంలో అధినేత ఉన్నది మొదటి పదహారు పేజీలే, ఆ తర్వాతంతా మీ అమ్మే."