ఊపిరి గుడ్డ

ఇప్పుడు అందరూ వేసుకునేవి ఊపిరి గుడ్డతో కుట్టిన బట్టలే. లోపలి ఊపిరితిత్తులు వాటి మీద రెండు వెలుగులై కదులుతుంటాయి. పూరీలు వత్తుతున్న హిమజ, పదిహేడేళ్ల కొడుకు చొక్కా మీద ఎడమ వెలుగు ముడుచుకుపోవడం చూసింది.

"గట్టిగా పీల్చరా, ధ్రువ్!"

"వద్దమ్మా," అంది, చొక్కా పంపిన హెచ్చరిక అందుకుని గోడ తెర మీదికొచ్చిన డాక్టరు. "తిత్తికి చిల్లిపడి, బయట చేరిన గాలి దాన్ని నొక్కేస్తోంది. ఆ గాలి లాగెయ్యాలి. మందుల పెట్టెలో ఉన్న గాలి లాగే బిళ్ళ తీసి పక్కటెముకల మీద అంటించు."

హిమజ చేతులు కడుక్కొచ్చి అంటించింది. బిళ్ళ బుస్సుమంది. నూనెలో పూరీలా ఆ వెలుగు మెల్లగా పొంగి ఛాతీ ఎడమవైపంతా నిండింది. రోజూ విసుక్కుంటూ ఉతికే చొక్కా మీద ఇంత అద్భుతమా!

ధ్రువ్ నవ్వాడు. "అమ్మా, ఇక నువ్వు పీల్చు."

హిమజ తన జాకెట్టు వైపు చూసుకుంది. రెండు వెలుగులూ కదలకుండా నిలిచిపోయి ఉన్నాయి.