ముందొచ్చే పుట్టినరోజు

“ఇవాళ్టి నుంచి లెక్కేస్తే ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందొస్తుందక్కా? వాళ్ళనే ప్రశ్నలడగాలి. మా సర్వే రూలది,” అంది ఉష, ట్యాబు తెరుస్తూ.

ఎస్తేరమ్మ కేకు ముక్క పళ్ళెంలో పెట్టి ఆమె ముందుకు జరిపింది. “నాది క్రిస్మస్ నెల. మా ఆయనది వచ్చే వారమే. ఆయన్నే అడుగు.”

ఉష మంచం వైపు చూసి నాలుక్కరుచుకుంది. జకరయ్య ఒకప్పుడు పోర్టుకు లారీ తోలేవాడు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది, ఒళ్ళు కదలదు. మిగిలింది కళ్ళే. ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు.

సర్వే చూస్తే చావు గురించి. ఆ ప్రశ్నలు చల్లగా అడగడమే ఉష ఉద్యోగం. ముత్తుకూరులో ఇరవై గడపలు ఎక్కినా నోరు తడబడలేదు గానీ, ఇక్కడ భయమేసింది.

“అన్నను ఇబ్బంది పెట్టడమెందుకు? మీరు చెప్పినా రాసుకుంటానక్కా.”

“ఇబ్బందేముంది? ‘దేవుడు పిలుచుకుంటే బాగుండు’ అని చూడ్డానికొచ్చినోళ్ళంతా ఆయన మొహం మీదే అనిపోతారు. రూలు రూలే కదమ్మా? గట్టిగా అడుగు. ఆయనేమన్నాడో కూడా గట్టిగా చెప్పు,” అంటూ ఎస్తేరమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు ముందేసుకుంది.

సర్వే అంటే తప్పించుకునేవాళ్ళను ఉష చాలామందినే చూసింది. మొగుణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకునే మనిషిని చూడటం ఇదే మొదలు. ఒళ్ళు మండింది.

“నయంకాని జబ్బుతో ఉన్న మనిషి తానే కోరుకుంటే, ప్రాణం పోయేందుకు డాక్టరు మందివ్వొచ్చా అన్నా?”

జకరయ్య ఒకసారి కళ్ళు మూశాడు.

“ఇవ్వొచ్చు అంటున్నారు.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఉష ట్యాబులో తర్వాతి ప్రశ్నకు పోయింది. “మీకే అయితే... మీరు అడుగుతారా, ఆ మందు?”

జకరయ్య తడుముకోలేదు. ఒకసారి మూశాడు. వెంటనే ఇంకోసారి.

“వద్దంట! తనకు వద్దంటున్నారు!” అంది ఉష. చెప్పమన్నదానికన్నా గట్టిగానే అంది.

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. కాసేపటికి ఎస్తేరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఉషకు కోపం ఎప్పుడు పోయిందో పోయింది. వెళ్ళబోతూ, మర్యాదకు అడిగింది.

“కేకు బాగుందక్కా. ఎక్కడిది?”

“నిన్న ఆయన పుట్టినరోజమ్మా. చర్చి సంఘంలో వాళ్ళు తెచ్చినారు.”

ఉష వేలు ట్యాబు మీదే ఆగిపోయింది. “అయితే అడగాల్సింది మిమ్మల్ని కదా! వచ్చే వారమని ఆయన్నెందుకు చూపించారక్కా?”

ఎస్తేరమ్మ మంచం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“నేనడిగితే నా కోసం అబద్ధం చెప్తాడు తల్లీ.”