రెండో సగం

డింఫ్నా మొగుడికి ఏ పనీ పూర్తిచేసే అలవాటు లేదు.

గేటుకి ఒక రెక్కకే రంగు వేశాడు. కోళ్లగూటికి మూడు గోడలే కట్టాడు. కోళ్లు నాలుగో వైపు నుంచి దర్జాగా నడిచి వెళ్లిపోయాయి. ఆఖరికి ఫిడేలు మీద వాయించే రాగం కూడా సగమే.

రాగం విషయంలో మొగుడు మలాకీ తప్పు లేదని ఆమెకి తెలుసు. తెలిసినా ఆ నేరాన్ని పట్టీలోంచి కొట్టెయ్యలేదు.

మలాకీ నాన్నమ్మ పోయినప్పుడు కొడుకులిద్దరూ ఆమె కోసం ఒక రాగం కట్టారు. మొదటి సగం పెద్దవాడిది, అంటే మలాకీ తండ్రిది. రెండో సగం చిన్నవాడు కోలమ్‌ది. ఏడాది తిరక్కుండా పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగింది. కోలమ్ తన సగం తనతోనే ఉంచుకుని బర్మింగ్‌హామ్ వెళ్లిపోయాడు. అన్న కూడా తక్కువవాడేం కాదు, తమ్ముడి సగాన్ని జన్మలో మళ్లీ ముట్టుకోలేదు.

తండ్రి సమాధి దగ్గర మలాకీ సగం వాయించి, కమాను దించేసి, అలాగే నిలబడిపోయాడు. కోలమ్ బాబాయికి రాసిన ఉత్తరాలు మూడూ తిరిగొచ్చాయి.

అది జరిగిన తొమ్మిదేళ్లకి, మార్చిలో ఐర్లండంతా పచ్చరంగు తొడిగే సెయింట్ ప్యాట్రిక్ పండగనాటి మధ్యాహ్నం, వాళ్ల పబ్బులోకి ఒక ముసలాయన వచ్చాడు. తడిసిన కోటు, చేతిలో టోపీ. పొయ్యి పక్క కుర్చీలో అంచున కూర్చున్నాడు.

"టీ తాగుతారా?" అంది డింఫ్నా.

"వద్దమ్మా, నీకెందుకు శ్రమ."

"శ్రమేముంది, నీళ్లు కాగే ఉన్నాయి."

"అబ్బే, ఇప్పుడే తాగొచ్చాను."

"ఎక్కడ తాగారు, దారిలో ఆవుల దగ్గరా? పోసేస్తున్నా."

"సరే, నువ్వంతగా అంటుంటే... ఒక్క చుక్క."

మూడు కప్పులు తాగాడు.

అక్కడి మర్యాదే అంత. మొదటిసారికే ఒప్పుకునేవాడు తిండిపోతు. రెండోసారికి ఒప్పుకునేవాడు పరాయి దేశంవాడు. మర్యాదస్తుడు మూడోసారిదాకా ఆగుతాడు.

మూలన మలాకీ ఫిడేలు శ్రుతి చేసుకుంటున్నాడు. ముసలాయన అటే చూస్తున్నాడు.

"ఆయన మీ ఆయనేనా తల్లీ?"

"ఇంకెవరూ తీసుకెళ్లలేదు, నా దగ్గరే ఉండిపోయాడు. మీరూ ఒక పాట అందుకోకూడదూ?"

"నేనా! నాకేం వచ్చు?" ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి.

"వచ్చినంతే పాడండి."

"గొంతు తుప్పు పట్టిపోయిందమ్మా," అని గొంతు సవరించుకున్నాడు.

డింఫ్నా మళ్లీ నోరు తెరిచింది. అప్పుడే గుమ్మం ముందు బస్సు ఆగింది.

షికాగో నుంచి నలభై మంది. పచ్చ టోపీలు, కాగితం గడ్డాలు. "మా ముత్తాతది ఈ ఊరే!" అన్నాడొకాయన. మరో నలుగురి ముత్తాతలు కూడా ఈ ఊరివాళ్లేనట.

"ఆ పొయ్యి దగ్గర ఫొటో తీసుకోవచ్చా?"

డింఫ్నా ముసలాయన భుజం తట్టింది. "పెద్దాయనా, కాస్త అలా కోట్లు తగిలించే చోట నిలబడతారా? పాపం వీళ్లు చాలా దూరం నుంచి వచ్చారు."

"దానికేం తల్లీ," అని లేచాడు.

వచ్చినవాళ్లు పచ్చ బీరు అడిగారు. కేకుల్లో వేసే రంగు చుక్కలు కలిపి ఇచ్చింది. ఐర్లండు అమ్మ గురించి కన్నీళ్లు కారుస్తూ ఒక పాట పాడారు. ఆ పాట ఊళ్లో ఎవరూ విని ఎరగరు.

తరవాత మలాకీ వాయించాడు. సగం దగ్గర కమాను ఆగింది. అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

"అచ్చమైన ఐర్లండు అంటే ఇదీ!" అంది ఒకావిడ ఫోను ఎత్తి పట్టుకుని.

కోట్ల పక్కన ముసలాయన బూటు మాత్రం ఆగలేదు. నేలమీద తాళం వేస్తూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. డింఫ్నా చూసింది. 'పాపం, మతి చలించినట్టుంది,' అనుకుని గ్లాసులు ఏరుకోవడానికి వెళ్లిపోయింది.

బస్సు కదిలేసరికి కోట్ల దగ్గర ఎవరూ లేరు. ఆయన తాగిన కప్పు కడిగి బోర్లించి ఉంది.

మే నెలలో బర్మింగ్‌హామ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక వృద్ధాశ్రమంలో నర్సు రాసింది. మలాకీ గేటు రెండో రెక్కకి రంగు వేస్తుంటే డింఫ్నా పైకి చదివింది.

"ఫెస్టీగారు పోయినవారం చనిపోయారు. ఆయనా మీ బాబాయి కోలమ్‌గారూ ముప్పై ఏళ్లు ఒకే గదిలో ఉన్నారట. కోలమ్‌గారు పోయేముందు ఒక రాగం ఈయనకి నోటికి నేర్పి, 'మా ఇంటికి చేర్చు' అన్నారట. అందుకే మార్చిలో మా మాట వినకుండా మీ ఊరికని ఓడెక్కారు. తిరిగొచ్చాక 'ఇచ్చేశారా?' అని అడిగితే 'రెండుసార్లే అడిగారమ్మా' అన్నారు. ఎందుకలా అన్నారో మాకు అర్థం కాలేదు. రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ ఆ రాగమే తీసేవారు. మేమెవరం నేర్చుకోలేదు, క్షమించండి."

మలాకీ కుంచె డబ్బాలో పెట్టేశాడు. రెక్క మీద రంగు సగంలో ఆగింది.

"నువ్వు అడగలేదా?"

"బస్సొచ్చింది," అంది డింఫ్నా.

మలాకీ కుంచె మళ్లీ చేతిలోకి తీసుకోలేదు.

ఉత్తరం మడత పెట్టబోయింది. మడత కుదరలేదు.

"బస్సు మీద తోయడమెందుకు మలాకీ," అంది. "తప్పు నాదే. మూడోసారి నేను అడగలేదు."