కుల్సుమ్ చేతి బీడీలు

"అవ్వా, గట్టిగ ఒత్తకు. మెల్లగ పెట్టు," అన్నాడు ముఖీత్.

హన్మవ్వ బొటనవేలిని కొంగుకు మరోసారి తుడుచుకుని, పసిపిల్ల బుగ్గ తాకినట్టు మిషన్ అద్దం మీద పెట్టింది. ఎర్ర లైటు. ఆ వేలిముద్రల మిషన్ అగ్గిపెట్టెంత ఉంటుంది గానీ, దాని పొగరు తహసీల్దారుకు కూడా ఉండదు.

బోధన్‌లో ముఖీత్ నడిపే ఆన్‌లైన్ సెంటర్ అది. హన్మవ్వ కూతురు శ్రీవాణి చేతులు చున్నీలో చుట్టుకుని పక్కనే నిలబడింది. బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు. బీడీ కార్మికుల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ వస్తేనే ఆమె చదువు సాగేది. ఆ జాబితాలో పేరుంటేనే ఎండాకాలం హైదరాబాద్ కంపెనీలో ట్రైనింగ్, పని నచ్చితే అక్కడే ఉద్యోగం. దరఖాస్తుకు ముందు తల్లి వేలిముద్ర పడాలి, తర్వాత పిల్లది. తల్లిది పడితే కదా. ముప్పై ఏళ్లు తునికాకులో బీడీలు చుట్టి చుట్టి హన్మవ్వ వేళ్ల మీది గీతలన్నీ అరిగిపోయాయి.

"ఇరవై దినాలు బీడీలు బంద్ వెట్టి, కొబ్బరినూనె రాయమన్న గద. రాసినవా?"

"పొద్దుమాపు రాసిన బిడ్డా. సీస సంచిలనే ఉన్నది, సూడు. మా శ్రీవాణైతే నన్ను బోళ్లు గూడ తోమనియ్యలే."

"మరి బీడీలు ఇయ్యకుంటే నీ బీడీ కార్డు కొట్టేస్తరు గద? కార్డు పోతే స్కాలర్‌షిపే లేదు."

"మా పక్కింటి కుల్సుమ్ చుట్టిచ్చింది, నా పేరు మీద. ఇదే పోయి మాట్లాడొచ్చింది," అంటూ హన్మవ్వ కూతుర్ని చూపించింది. "కుల్సుమ్ చెయ్యంటే మా గల్లీల పేరు. ఈ తాప ఏమైందో ఏమో, సగం కట్టలు వంకరటింకర. బీడీలు తీసుకునే టేకేదారు ఏరి పారేసి, నీకు కండ్లు మసకలొచ్చినయా హన్మవ్వా అని నన్నన్నడు."

ముఖీత్ నవ్వాడు. హన్మవ్వ ఆగలేదు.

"ఇదేమో కాలేజీల కెళ్లి రాంగనే కుల్సుమ్ ఇంట్లనే ఉంటది. ఆడ వైఫై ఉన్నదట. కట్టలు మంచిగ చుట్టుమని జర చెప్పరాదే అంటే ఇనది. అయినా దీనికేం ఎర్క, ఇన్నేండ్లు దీన్ని బీడీల చాట ముట్టనియ్యలే నేను, సదువుకోనీ అని."

"నువ్వు వేలు పెట్టవ్వా," అంది శ్రీవాణి, నేలకేసి చూస్తూ.

హన్మవ్వ లింబాద్రి గుట్ట నర్సింహస్వామికి మొక్కి, ఊపిరి బిగబట్టి వేలు పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. పరీక్ష పాసైనంత సంబరపడిపోయిందామె.

"ఇగ చెల్లెది. చిటికెల పని," అన్నాడు ముఖీత్.

శ్రీవాణి చున్నీలోంచి కుడిచెయ్యి తీసి పెట్టింది. ఎర్ర లైటు. ఎడమది పెట్టింది. మళ్లీ ఎర్రదే. ముఖీత్ అద్దం తుడిచి తన వేలు పెట్టి చూశాడు, పచ్చ లైటు వచ్చింది. శ్రీవాణి వేలిని ట్యూబులైటు కిందికి తిప్పి చూశాడు. నున్నగా అరిగి, మీద కత్తెర గాట్లు పడి ఉంది.

"నీది గూడ మీ అవ్వ ఏలు లెక్కనే అయింది గదా చెల్లె," అన్నాడు మెల్లగా. "ఫికర్ చెయ్యకు. ఇంక పన్నెండు దినాల టైమున్నది. నువ్వు మళ్లొచ్చి పెట్టు, సాలు."

హన్మవ్వ కూతురి చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని చూసింది. గోళ్ల సందుల్లో తంబాకు పొడి. సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి, ఆ బొటనవేలికి రాయడం మొదలుపెట్టింది.

"రేపటి సంది నేనే చుట్టుకుంట, నువ్వు చేతులు ముడుచుకోని కూసో," అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పాపం, ఇరవై దినాల సంది కుల్సుమ్‌ను ఉత్తగనే తిట్టుకున్న."