మంగాదేవి కాలు

మంగాదేవి పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాయి. ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్ ఇంటికి వచ్చినవాళ్ళంతా కార్లెక్కి వెళ్ళిపోయారు. గౌతమ్ చేసుకోబోయే అమ్మాయి నిహారిక మాత్రం ఉండిపోయింది.

మంగాదేవి ఫోటో ముందున్న దీపంలో నూనె పోసి, "గౌతమ్, నీకో మాట చెప్పాలి" అంది.

గౌతమ్ తన తల్లి ఫోటో వైపు చూడలేదు.

"ఎంగేజ్‌మెంట్ రోజు నేను ఆంటీ కాళ్ళకి దణ్ణం పెట్టలేదు. గుర్తుందా?"

"ఉంది."

అది 2006 జనవరి. శాండ్రింగ్‌హామ్‌లోని హాల్లోకి మంగాదేవి ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమెకు బోదకాలన్న మాట అప్పటికే అందరికీ చేరింది. తల్లులు పిల్లల్ని ఇవతలికి లాక్కున్నారు. నిహారిక వంగబోతుంటే తల్లి సీతారత్నం మోచెయ్యి పట్టుకుంది.

"అక్కణ్ణుంచే పెట్టవే. ఆశీర్వాదానికేం, ఎంత దూరమైనా వస్తుంది."

ఎవరో నవ్వారు. మంగాదేవి కూడా నవ్వి అక్షింతలు వేసింది. పక్కనే ఉన్న గౌతమ్ తల దించుకున్నాడు.

"మా అమ్మకైతే తెలీదు. నేను నర్సుని కదా!" అంది నిహారిక. "అది ముట్టుకుంటే అంటదు. ఒకళ్ళ రక్తంలో ఉన్న పురుగు పిల్లల్ని దోమ తాగుతుంది. అవి దాని ఒంట్లో పెరుగుతాయి. అది ఇంకొకళ్ళని కుట్టినప్పుడు ఆ గాయంలోంచి లోపలికి పోతాయి. ఇదంతా ఎగ్జామ్‌లో రాశాను. అయినా వెనక్కి తగ్గాను."

"వదిలెయ్, నిహారికా."

"తర్వాత కాలు చూస్తానంటే ఆంటీ చీర కిందికి లాక్కున్నారు. 'నీకెందుకే ఈ గోల, పెళ్ళి షాపింగ్ చూసుకో' అన్నారు. నా మీద కోపమనుకున్నా. సారీ చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఈలోగా హార్ట్ ఎటాక్..."

గౌతమ్ దీపం వత్తి పైకి లాగాడు.

"అసలు మీ పెరట్లో తీగ మీద వాపుకి వేసుకునే ఆ బిగుతు మేజోడు చూసి, ఎవరిదని అడక్కపోయినా బాగుండేది. నువ్వు అమ్మదన్నావు. నేను మా అమ్మతో అన్నాను. ఇంకేముంది, ఆక్లాండ్ అంతా చెప్పింది."

ఆమె వేలి ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆవిణ్ణి అంత అవమానించినదాన్ని. ఈ పెళ్ళి వద్దంటే నేనేం అనను. నువ్వే చెప్పు."

గౌతమ్ ఉంగరం తీసి తిరిగి ఆమె అరచేతిలో పెట్టాడు.

"చెప్పాల్సింది నువ్వు" అన్నాడు.

తర్వాత కుర్చీలో కూర్చుని, వంగి, తన ప్యాంటు పైకి మడిచి, బిగుతు మేజోడు కిందికి లాగి, మడమ నుంచి మోకాలి దాకా ఒకే మందాన వాచిన ఎడమ కాలు ఆమెకు చూపించాడు.