ఇరవై రెండు డిగ్రీల గది

తెనాలి నుంచి వెళ్లిన సువర్చల ఆ చిన్న ఐరోపా దేశపు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేరి పదేళ్లయింది. ఈమధ్య ఆ దేశం తన బడ్జెట్‌లో ఏ ఖర్చు పెట్టాలన్నా పైనున్న ఐరోపా కూటమి అనుమతి కావాల్సి వస్తోంది. అనుమతులిచ్చే యంత్రం వార్డు గోడలోంచి మాట్లాడుతుంది.

ఆ ఉదయం అది, "దేశ బడ్జెట్ లోటు హద్దు దాటింది. వార్డులో హీటర్‌ను పద్నాలుగు డిగ్రీలకు తగ్గించాం," అంది. న్యుమోనియాతో పడుకున్న ముసలి టీచరు మార్తా పెదవులు నీలంగా మారాయి.

అదే రోజు ఆరోగ్య మంత్రి ఆసుపత్రి చూడటానికి వచ్చాడు. సువర్చల ఆయన్ను మార్తా మంచం దగ్గరికి తీసుకెళ్లింది.

"మీరు చెబితే వేడి పెంచుతారు కదండీ?"

మంత్రి కోటు సర్దుకుని గోడ వైపు తిరిగాడు. "దయచేసి ఒక్క రెండు డిగ్రీలు..."

"కుదరదు," అంది గోడ.

"మంచిది, కృతజ్ఞతలు," అని మంత్రి తల వంచాడు.

సువర్చల మంచం చక్రాల బ్రేకు తీసింది. జనం ఓట్లేసి గెలిపించిన మనిషి గోడకు దండం పెడుతున్నాడు!

కూటమి అధికారులు ఎప్పుడో వస్తారని వరండా చివర ఒక గదిని ఏడాది పొడవునా ఇరవై రెండు డిగ్రీల్లో ఉంచుతారు. ఆమె మార్తా మంచాన్ని అటు తోసింది.

మంత్రి అడ్డొచ్చాడు. "నా పదవి పోతుందమ్మా!"

"ఈవిడ ప్రాణం పోతోంది. జరగండి."

సాయంత్రానికి ఆ గదిలో ఆరు మంచాలు చేరాయి. మార్తా లేచి కూర్చుని సూప్ తాగింది.

మర్నాడు సువర్చలను ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టడానికి మాత్రం మంత్రి ఎవరి అనుమతీ అడగలేదు.