ఎర్రనీళ్లు

సీతాదేవి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది. కొడుకు భార్గవ్‌ను తూర్పుముఖంగా నిలబెట్టి దిష్టి తీసింది. ఇనుప టోపీ, తోలు కోటు, నడుముకు కత్తి. వాడు బుద్ధిగా నిలబడ్డాడు.

"అయిందా అమ్మా? లేటైతే పార్కింగ్ దొరకదు."

ఆ నీళ్లు బయట పారబోయడానికి వెళ్తుంటే గుమ్మంలో యోగానంద్ ఎదురయ్యాడు. భార్గవ్‌తో కలిసి ఆ ఇంట్లోనే ఉంటున్న స్నేహితుడు.

"పారబొయ్యొద్దు పెద్దమ్మా. నెత్తురుకు పనికొస్తాది."

పళ్లెంలోవి ప్లాస్టిక్ సంచిలోకి వంచి మూతి కట్టాడు. భార్గవ్ కోటు లోపల, సరిగ్గా గుండెల మీద పెట్టాడు. దిష్టి తీసిన నీళ్లు మళ్లీ బిడ్డ మీదికే పోతుంటే సీతాదేవి ఖాళీ పళ్లెంతో గుమ్మంలోనే నిలబడింది.

ఆస్ట్రేలియాలోని వెర్రిబీ ఊరి అవతల మైదానంలో ఏటా ఒక ఆదివారం పాత యుద్ధం ఆడతారు. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ జరిగిన అంతర్యుద్ధం. ఈసారి కర్నల్ వేషం భార్గవ్‌ది. ఆ కర్నల్ పెద్ద భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. సొంత రైతుల చేతికి ఆయుధాలిచ్చి రాజు మీదికి నడిపించాడు. చివరికి తుపాకి దెబ్బకు పోయాడు.

"అచ్చం నాన్నలాగే కదమ్మా!" అన్నాడు భార్గవ్ కారు నడుపుతూ. "మిలిటరీ, భూములు, ఎమ్మెల్యే, వెనకాల జనం. సూపర్ రోల్!"

సీతాదేవి ఊరి సంగతులేవీ వాడి చెవిన పడకుండా హాస్టళ్లలో పెంచింది. తుపాకి మోతకు ఒక కొంప కూలిపోవడం ఆమె కళ్లారా చూసింది.

"వీణ్ని కాల్చేదెవరు?"

"నేనే పెద్దమ్మా." ముందు సీట్లోంచి యోగానంద్ వెనక్కి తిరిగి నవ్వాడు. "ఇంకొకరికి ఇస్తామనిరి. అడిగి తీసుకున్నా."

ఆస్ట్రేలియా వచ్చిన మొదటిరోజే ఆమె అతన్ని "మీదే ఊరు నాయనా?" అని అడిగింది. ఊరితోబాటు తండ్రి పేరూ చెప్పాడు. అప్పట్నించీ మొదటి కంచం అతనిదే. కోడి కోస్తే మంచి ముక్కలు అతనికే. "నీ కొడుకు నేనా, వీడా?" అని భార్గవ్ ఉడుక్కునేవాడు.

మైదానంలో ఆమె కొడుకు చెయ్యి వదల్లేదు.

"నువ్వు గూడా రాజు పక్కకే పోరాదా నాయనా? ఇద్దరూ ఒక దిక్కునే ఉండండి."

"అమ్మా, అందులో బుల్లెట్ ఉండదు. ఓన్లీ పౌడర్. ముందే చెక్ చేస్తారు. గన్ కూడా మనిషికి కాదు, తలపైకే ఎత్తి పేలుస్తారు."

"చెక్ చేసినాక?"

వాడు నవ్వేసి వెళ్లిపోయాడు.

జనం లోపలికి పోకుండా కట్టిన తాడు దగ్గర పసుపుకోటు వేసుకున్న తెల్లాయన ఉన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "గన్... మై సన్..." అంది. ఇంకేం చెప్పాలో ఆ భాషలో ఆమెకు తెలియదు.

"ఆల్ గుడ్, లవ్," అని అతను భుజం తట్టాడు.

డప్పులు మోగాయి. పొగ కమ్మింది. కర్నల్ కత్తి దూసి ముందుకు వచ్చాడు. ఎదురుగా యోగానంద్ తుపాకి ఎత్తాడు. గొట్టం భార్గవ్ తలకు పైగా ఆగింది. అతను ఒక్కసారి తాడు వైపు చూశాడు. ఆమె వైపే. గొట్టం నెమ్మదిగా కిందికి దిగింది.

ఢాం!

భార్గవ్ వెనక్కి విరుచుకు పడ్డాడు. గుండెల మీద ఎరుపు పాకింది. జనం చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. తాడు దాటబోయిన సీతాదేవిని తెల్లాయన మెల్లగా వెనక్కి లాగాడు.

ఈల మోగింది. చచ్చినవాళ్లంతా లేచి గడ్డి దులుపుకున్నారు. కర్నల్ మాత్రం లేవలేదు. యోగానంద్ వెళ్లి చెయ్యి అందించాక, కొంటెగా కన్ను గీటి లేచాడు.

భార్గవ్ ఫొటోలకు నిలబడ్డాడు. యోగానంద్ ఇటు వచ్చాడు. ఇంకా వేడిగా ఉన్న తుపాకిని ఆమె కుర్చీకి ఆనించి, గొంతుక్కూచున్నాడు. వణుకుతున్న ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఎందుకు పెద్దమ్మా అట్ల వణుకుతావు, దీంట్లో తూటా ల్యాదులే, మీ ఆయన మా నాయన మీద పేల్చినదాంట్లోనే ఉన్నింది."